చెహరా, దాగ్, హాజరీ – దక్కను సైన్యాల లెక్కల చరిత్ర

సైన్యం అనగానే మనకు కత్తులు, ఫిరంగులు, గుర్రాలు, కోటలు గుర్తుకొస్తాయి. వాటి వెనుక ఒక మూల కూర్చుని కలం పట్టి రాసుకునే గుమాస్తా ఎవరికీ గుర్తురాడు. కాని ఏ కాలంలోనైనా, ఏ రాజ్యంలోనైనా యుద్ధానికి ముందు పాలకుడు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు ఆ గుమాస్తాయే. మనకు ఎంతమంది ఉన్నారు? వారిలో ఎంతమంది రేపు పొద్దున్నే గుర్రమెక్కి బయలుదేరగలరు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే అనుకున్న రాజ్యాలు చరిత్రలో చాలా నష్టపోయాయి.

మన నిజాంపేట నుంచి రోజూ హైటెక్ సిటీకి ఉద్యోగాలకు పోయే పిల్లలకు ఈ సంగతి కొత్త కాదు. ఎంత పని అయింది, ఎంత మిగిలింది, ఎవరు సిద్ధం, ఎవరు కాదు అని కంప్యూటరు మీద గడుల పట్టికలు నింపడం వారికి నిత్యకృత్యం. ప్రపంచంలోని సైన్యాలు కూడా నేడు తమ సంసిద్ధతను ఇలాంటి పట్టికలతోనే చూసుకుంటున్నాయి. పచ్చ రంగు గడి అంటే సిద్ధం, ఎర్ర గడి అంటే లోటు. ఇది కంప్యూటరుతో పుట్టిన విద్య అని చాలామంది అనుకుంటారు గానీ, మన ఊరికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఈ విద్యకు మూడున్నర శతాబ్దాల నాటి సాక్ష్యం లక్షల కాగితాలుగా భద్రంగా ఉన్నది. దాని కథను సంఘ సభ్యుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల్లో, బస్తీల్లో మిగిలిన గుర్తులు

మన నోట రోజూ ఆడే మాటలలో ఆనాటి లష్కరు లెక్కలు ఎన్నో దాగి ఉన్నాయి. బడిలో పంతులుగారు పిలిచే 'హాజరు' ఒకప్పుడు సిపాయిల వరుస ముందు వినిపించిన మాట. ఆఫీసులో పనిచేసేవారిని 'సిబ్బంది' అంటున్నాం. అది 'సిహ్‌బందీ' అనే ఫారసీ మాట నుంచి వచ్చింది. పన్నుల వసూలుకు, కాపలాకు పెట్టుకునే తాత్కాలికపు సిపాయిలను అలా పిలిచేవారు. బట్ట మీద మరక పడితే 'డాగు పడింది' అంటామే, ఆ డాగే గుర్రం ఒంటి మీద వేసే సర్కారు ముద్ర, 'దాగ్'.

హైదరాబాదు బస్తీల పేర్లూ అంతే. బార్కస్ అంటే బ్యారక్సు. హజ్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల నివాసం. ఏ.సి. గార్డ్స్‌లోని ఆ రెండక్షరాలకు అర్థం ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా సంతతి అశ్వికుల పేటకు ఆ పేరు మిగిలింది. బొల్లారంలో రిసాలా బజారు ఉంది, నగరం నడిబొడ్డున ట్రూప్ బజారు ఉంది. రిసాలా అంటే గుర్రపు పటాలం. ఈ బస్తీలలో కాపురమున్న కుటుంబాల తాతముత్తాతల పేర్లు ఏదో ఒక హాజరు పట్టీలో ఒకనాడు ఎక్కినవే.

ఢిల్లీలో మొదలైన పద్ధతి

మన దేశంలో సిపాయి ముఖాన్నీ గుర్రం ఒంటినీ కాగితానికెక్కించే పద్ధతిని పెద్ద ఎత్తున అమలు చేసినవాడు అలాఉద్దీన్ ఖల్జీ (1296–1316). ఎందుకు అవసరమైంది? సర్దార్లు సర్కారు నుంచి మంచి గుర్రానికి జీతం తీసుకుని తనిఖీ రోజున బక్కగుర్రాన్ని చూపేవారు. ఒకే గుర్రాన్ని రెండు చోట్ల నిలబెట్టి రెండుసార్లు లెక్క వేయించేవారు. ఈ రెండు మోసాలకూ రెండు మందులు కనిపెట్టారు. సిపాయి రూపురేఖలు రాసే హులియా ఒకటి, గుర్రానికి వేసే దాగ్ రెండోది. సిపాయికి ఏడాదికి 234 టంకాల జీతాన్ని ఖజానా నుంచి రొక్కంగా ఇచ్చారని జియాఉద్దీన్ బరనీ చరిత్ర వలన తెలుస్తున్నది. 1310లో ప్రతాపరుద్రుని ఓరుగల్లు కోట ముందు నిలిచిన మాలిక్ కాఫూర్ సైన్యం ఇలా లెక్కకెక్కిన సైన్యమే.

అయితే పద్ధతి ఉన్నంత మాత్రాన సరిపోదు. ఫిరోజ్ షా తుగ్లక్ (1351–1388) కాలం నాటి ఒక ముచ్చటను షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. తన గుర్రం తనిఖీలో నెగ్గే దారి లేదని ఒక సిపాయి తోటివాడితో చెప్పుకుని బాధపడుతుంటే సుల్తాను చెవిన పడింది. సుల్తాను ఏం చేశాడు? గుమాస్తా చేతిలో పెట్టి పని జరుపుకొమ్మని ఆ సిపాయికి ఒక బంగారు టంకా ఇచ్చాడు! సుల్తాను దయగలవాడే కావచ్చు. కాని లెక్కకు యజమాని అయినవాడే లెక్క తప్పడానికి లంచం సమకూర్చిన రోజున, కింద ఉన్న గుమాస్తా నిజం ఎందుకు రాస్తాడు? ఢిల్లీ సల్తనతు సైనిక బలం ఆ తరంలోనే సడలిపోయింది. తైమూరు 1398లో ఢిల్లీ మీదికి వచ్చినప్పుడు ఆ సడలింపు ఎంతటిదో లోకానికి తెలిసివచ్చింది.

షేర్ షా (1540–1545) ఈ పద్ధతిని తిరిగి నిలబెట్టాడు. అక్బరు 1574 ప్రాంతంలో దానిని మన్సబ్‌దారీ ఏర్పాటుకు ముడిపెట్టాడు. గుర్రం మీద ఏ గుర్తు వేయాలన్న విషయంలో ఆయన దర్బారులో ఎన్నో మార్పులు జరిగాయని అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో రాశాడు. మొదట అక్షరం పోలికలు వేశారు, తర్వాత ఒకదానినొకటి ఖండించే గీతలు వేశారు, విల్లు ఆకారం వేశారు. ప్రతి దానినీ ఎవరో ఒకరు దొంగతనంగా దిద్దుకోగలిగారు. చివరకు ఇనుప అంకెలు చేయించారు. మొదటి తనిఖీకి ఒకటి, రెండో తనిఖీకి రెండు, ఇలా గుర్రం ఒంటి మీదే దాని తనిఖీల చరిత్ర ఎక్కింది. గుర్రాలను అరబ్బీ, ఇరాకీ, ముజన్నస్, తుర్కీ, యాబూ, తాజీ, జంగ్లా అని ఏడు తరగతులుగా విడదీశారు. జంగ్లా గుర్రాన్ని చూపి అరబ్బీ గుర్రపు భత్యం తీసుకోవడానికి వీల్లేకుండా చేయడమే దీని ఆశయం.

ఇంత చేసినా కొందరు అమీర్లు తనిఖీ రోజున తమ నౌకర్లకు, పనివాళ్ళకు సిపాయి దుస్తులు తొడిగి అరువు గుర్రాలెక్కించి హాజరు వేయించారని, దాగ్ పడగానే వారిని పంపేశారని అదే కాలపు బదాయూనీ ఎత్తిపొడిచాడు. అక్బరుకు కూడా ఈ సంగతి తెలుసునని ఆయన రాతల వలన తెలుస్తున్నది.

తార్నాకలోని కాగితాలు

ఇక మన ఊరి సంగతికి వద్దాం. ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన తార్నాకలో రాష్ట్ర పురాలేఖ భాండాగారం ఉన్నది. నిజాం ప్రభుత్వపు పాత దఫ్తర్‌ల నుంచి పెరిగి పెద్దదైన సంస్థ ఇది. మొగలుల దక్కను పాలనకు కేంద్రమైన ఔరంగాబాదులో ఉండిన కాగితాలు కాలక్రమంలో ఇక్కడికి చేరాయి. షాజహాన్, ఔరంగజేబు కాలాలకు చెందిన పత్రాలే సుమారు లక్షా యాభై అయిదు వేలు ఉన్నాయని లెక్క. మొగలుల రోజువారీ పాలనా పత్రాలు ఇంత పెద్ద సంఖ్యలో ఒకచోట దొరకడం చాలా అరుదు.

ఈ పత్రాలలో 'అర్జ్-ఒ-చెహరా' అనే జాతి ఒకటి ఉన్నది. అర్జ్ అంటే సైన్యాన్ని నిలబెట్టి చూసే తనిఖీ. చెహరా అంటే ముఖం. ఒక్కొక్క మన్సబ్‌దారు పేరు కింద అతని సవార్ల వివరాలు వరుసగా ఉంటాయి. సిపాయి పేరు, తండ్రి పేరు, తెగ, ఊరు. తర్వాత రూపురేఖలు. గోధుమ వన్నె, విశాలమైన నుదురు, ఎడంగా ఉన్న కనుబొమ్మలు, ఎత్తైన ముక్కు, మశూచి మచ్చలు, చెంప మీద కత్తిగాటు, ఎక్కడెక్కడ పుట్టుమచ్చలు ఉన్నదీ అన్నీ రాయాలి. ఆ తర్వాత గుర్రం వంతు. దాని రంగు, సుడులు, మచ్చలు, దాగ్. గుర్రానికి ఎడమ, కుడి అని రాయకుండా 'ఎక్కే వైపు', 'కొరడా వైపు' అని రాసే ఆచారం ఉండేదట. రౌతు ఎడమ వైపు నుంచి ఎక్కుతాడు, కొరడాను కుడిచేత పట్టుకుంటాడు గదా!

ఒక్క క్షణం ఆలోచించండి. అడ్డంగా ఒక్కొక్క మనిషి, నిలువుగా ఒక్కొక్క వివరం. గీతలు గీయకపోయినా ఇది పట్టికే. ఫోటో లేని రోజులలో, వేలిముద్రల శాస్త్రం పుట్టని రోజులలో, ఒక మనిషికి బదులు మరొకడు రాకుండా కాపాడే ఉపాయం ఇది. ఇందులో అంకెలను సియాఖ్ అనే ప్రత్యేకమైన పొట్టి గుర్తులతో వేశారు. తెలియనివాడు చూస్తే అది లెక్క అని కూడా పోల్చుకోలేడు.

షాజహాన్ కాలపు పత్రాలలో ఎంపిక చేసినవాటిని 1950లో ఒక గ్రంథంగా వెలువరించారు. దాని సంపాదకుడు ఉస్మానియాలో చరిత్ర ఆచార్యుడైన డాక్టర్ యూసుఫ్ హుసేన్ ఖాన్. మన హైదరాబాదులోనే 1897లో పుట్టి రాష్ట్రపతి పదవినలంకరించిన డాక్టర్ జాకిర్ హుసేన్‌కు ఆయన తమ్ముడు. ఔరంగజేబు కాలపు పత్రాలకు డాక్టర్ ఎం.ఏ. నయీం సూచికలు తయారుచేశారు. ఆ కాగితాలు మన ముందుకు రావడానికి ఈ పండితులే కారణం.

ఇంకొక్క ముఖ్య విషయం. ఈ లెక్కలు రాసినవారిలో, కాపాడినవారిలో హిందువులు చాలామంది. నిజాముల కాలంలో హైదరాబాదులోని రెండు ప్రధాన దఫ్తర్‌లలో ఒకటి మాలవాలా కాయస్థ కుటుంబం చేతిలో, రెండోది రాయ్ రాయాన్ మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబం చేతిలో తరతరాలుగా ఉండేవి. ముస్లిం సిపాయి ముఖాన్నీ రాజపుత్ర సిపాయి ముఖాన్నీ ఒకే కలం ఒకే తీరున రాసింది. దఫ్తరుకు కావలసింది మనిషి మతం కాదు, అతను నిజంగా వచ్చాడా లేదా అన్నదే.

కాగితం మీద మూడు వేలు, మైదానంలో వెయ్యి

మొగలుల లెక్కలో మెచ్చుకోదగిన తెలివి ఒకటి ఉన్నది. మన్సబ్‌దారుకు జాత్, సవార్ అని రెండు అంకెలుండేవి. మొదటిది అతని హోదా, రెండోది అతను పోషించవలసిన అశ్వికుల సంఖ్య. అయితే ఆ సంఖ్య అంతా నిజంగా రాదని సర్కారుకూ తెలుసు. కావున షాజహాన్ కాలంలో ఒక నిబంధన పెట్టారు. తన జాగీరు ఉన్న సుబాలోనే కొలువు చేసేవాడు తన సవార్ అంకెలో మూడో వంతు మందిని దాగ్‌కు తేవాలి. హిందుస్తాన్‌లోనే వేరే సుబాకు పోతే నాలుగో వంతు. బల్ఖ్, బదఖ్షాన్ వంటి దూరదేశపు దండయాత్రకైతే అయిదో వంతు. అంటే మూడు వేల సవార్ హోదా గలవాడు ఇంటి దగ్గర వెయ్యి మందిని, ఇతర సుబాలో ఏడు వందల యాభై మందిని, బల్ఖ్‌లో ఆరు వందల మందిని చూపితే చాలు.

జాగీరు రాబడికీ ఇలాంటి కొలతే ఉండేది. కాగితం మీద పన్నెండు నెలల జీతానికి సరిపడే జాగీరు నిజానికి ఎనిమిది నెలలదో, ఆరు నెలలదో, అంతకన్నా తక్కువదో రాబడి ఇచ్చేది. కరవులతో, యుద్ధాలతో నలిగిన దక్కనులో ఈ కొరత మరీ ఎక్కువ. 1652లో రెండోసారి దక్కను సుబేదారుగా వచ్చిన ఔరంగజేబు ఈ కొరతను గురించి తండ్రికి ఉత్తరాలు రాశాడు. అందుచేత జాగీరును ఇన్ని నెలల జాగీరు అని నిర్ణయించి, దానికి తగినట్టే గుర్రాల సంఖ్య తగ్గించారు.

దీనిని మోసం అనడానికి లేదు. హోదాకు పెద్ద అంకె, పనికి చిన్న అంకె అని సర్కారు తానే ఒప్పుకున్నది. నిజాన్ని దాచకుండా తగ్గించి రాసుకున్న లెక్క ఇది. పైగా సుబాలో బక్షీ చెప్పేది ఒకటి, వాఖియా నవీసు రాసి పంపే వార్త మరొకటి. సర్దారు చెప్పే మాటను పోల్చి చూసుకునే అవకాశం పాదుషాకు ఉండేది. ఇలా లెక్కను రెండో కంటితో చూసే ఏర్పాటు ఉన్నంతకాలం కాగితానికి విలువ ఉన్నది.

గోల్కొండ ముందు ఎనిమిది నెలలు

అయినా చెహరాలలో రాయని విషయాలే యుద్ధాన్ని తిప్పుతాయి. 1687 ఆరంభంలో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. ఆనాడు దేశంలో అంతకన్న పెద్ద సైన్యం లేదు. అంత బాగా లెక్కకెక్కిన సైన్యమూ లేదు. మరి ఏమైంది? వానలు ముంచుకొచ్చాయి. ధాన్యం రాక ఆగిపోయింది. శిబిరంలో కరవు, రోగాలు వచ్చి మనుషులు, పశువులు కుప్పలుగా చచ్చారు. కోటగోడ కింద తవ్వి పెట్టిన మందుపాతరలు వెనక్కి పేలి ముట్టడిదార్లనే చంపాయి. తొలి నిజాం తాతగారైన ఆబిద్ ఖాన్ ఫిరంగి దెబ్బకు చెయ్యి తెగి మరణించాడు. హిమాయత్‌సాగర్ దాపున కిస్మత్‌పూర్‌లో ఆయన సమాధి ఉన్నది.

ఎనిమిది నెలల తర్వాత, సెప్టెంబరులో, కోట లొంగింది. అది కూడా బలంతో కాదు. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే కోటలోని సర్దారు డబ్బుకు లోబడి తలుపు తెరిచాడు. అదే రాత్రి అబ్దుల్ రజాక్ లారీ ఒంటినిండా గాయాలతో కడదాకా పోరాడిన కథ మనందరికీ తెలిసిందే. కుతుబ్‌షాహీ కొలువు లెక్కలలో వీరిద్దరూ సర్దార్లే. ఒకరి పేరు పక్కన 'అమ్ముడుపోతాడు' అని, మరొకరి పేరు పక్కన 'ప్రాణం పోయినా కదలడు' అని రాసే గడి ఏ పట్టీలోనూ ఉండదు.

జీతం రాని పటాలం

నూరేళ్ళ తర్వాత మరో ఉదాహరణ. నిజాం అలీ ఖాన్ కొలువులో ఫ్రెంచివాడు మిషెల్ రేమండ్ తయారుచేసిన పటాలం పదివేలకు పైబడిన సిపాయిలతో దక్కనులో పేరుపడింది. ఫతే మైదాన్ దగ్గర గన్ ఫౌండ్రీ ఆయన గుర్తే. మలక్‌పేట దాపున గుట్ట మీద ఆయన సమాధి నేటికీ ఉన్నది. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసుకున్నాడు. అక్టోబరులో కంపెనీ సైన్యం ఈ పటాలాన్ని చుట్టుముట్టింది. ఆ సమయానికి సిపాయిలు జీతం బకాయిల కోసం తమ ఫ్రెంచి అధికారుల మీదనే తిరగబడి ఉన్నారు. బకాయిలు ఇప్పిస్తామన్న మాట మీద అంత పెద్ద పటాలం యుద్ధం లేకుండా ఒక్క రోజులో ఆయుధాలు కింద పెట్టింది.

సిపాయిలు ఉన్నారు, తుపాకులు ఉన్నాయి, కవాతు ఉన్నది. లేనిది జీతం. ఇంట్లో పొయ్యి వెలగని సిపాయిని హాజరు పట్టీలో ఒకటిగా లెక్కవేస్తాం గానీ, అతను నిజానికి సగం మనిషే. ఆ సిపాయిల పెళ్ళాం బిడ్డల సంగతి ఏ దఫ్తరూ రాయలేదు.

తర్వాత కాలంలో కంటింజెంటు సైన్యం వచ్చింది. దాని ఖర్చు నిజాం ప్రభుత్వానిది, దాని అజమాయిషీ రెసిడెంటుది. బొల్లారం దాని ముఖ్య స్థావరం. బకాయిలు పెరిగి పెరిగి 1853 మే నెలలో నిజాం నాసిరుద్దౌలా బీరారును ఇంగ్లీషువారికి అప్పగించే సంధి మీద సంతకం చేయవలసి వచ్చింది. అయిదు వేల పదాతి, రెండు వేల అశ్వికులు, నాలుగు ఫిరంగి దళాలు ఉండాలని ఆ సంధిలో ఉన్నది. కొద్ది రోజులకే దివాను సిరాజుల్ ముల్క్ చనిపోగా ఆయన అన్న కొడుకు మొదటి సాలార్ జంగ్ యువకుడుగా ఉండగానే దివాను అయ్యాడు. మూడు దశాబ్దాల పాలనలో ఆయన చేసిన పెద్ద పనులలో ఒకటి లష్కరు లెక్కలను చక్కబెట్టడం. అరబ్బు జమేదార్లకు, సాహుకార్లకు తాకట్టుపడిన తాలూకాలను విడిపించడం, జీతాలు వేళకు అందేటట్లు చూడడం, క్రమసైన్యాన్నీ జమీయత్ సైన్యాన్నీ వేరు చేయడం, ఇవన్నీ ఆ లెక్కలోని భాగాలే.

1948

ఈ చరిత్రలో మన పెద్దలు చూసి బాధపడిన అధ్యాయం ఒకటి ఉన్నది. దానిని దాటిపోతే వ్యాసానికి అర్థం ఉండదు. 1948లో హైదరాబాదు సంస్థానపు సైన్యం లెక్కకు ఇరవై వేల పై చిలుకు. అందులో పూర్తి శిక్షణ, సరైన ఆయుధాలు ఉన్నవారు ఆరువేల మంది ప్రాంతమని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. రజాకార్ల సంఖ్యను లక్షలలో చెప్పుకున్నారు గానీ వారిలో ఆధునిక ఆయుధం చేతనున్నవాడు అరుదు. పెద్ద పెద్ద ఉపన్యాసాలు మాత్రం మొదటి అంకెల మీద సాగాయి. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 18న మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఎదుట లొంగిపోయాడు. అంతా కలిపి వారం కూడా పట్టలేదు.

దీనికి మూల్యం ఎవరు చెల్లించారు? ఉపన్యాసకులు కాదు. అంతకుముందు రజాకార్ల దౌర్జన్యాలకు గురైన పల్లె ప్రజలు ఒకవైపు, లొంగుబాటు తర్వాత మరాఠ్వాడా, కర్ణాటక ప్రాంతాల జిల్లాలలో ప్రాణాలు కోల్పోయిన సామాన్య ముస్లిం కుటుంబాలు మరోవైపు. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారి బృందం ఆ జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నివేదించింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. తమ బలాన్ని గురించి తమకే అబద్ధం చెప్పుకున్న నాయకత్వం ఏ జనం పేరున మాట్లాడిందో ఆ జనాన్నే నడిబజారులో వదిలేసింది. సైన్యపు లెక్క గుమాస్తాల వ్యవహారం మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

కంప్యూటరు పట్టిక వచ్చాక

1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు 'విజికాల్క్' అనే ప్రోగ్రాము తెచ్చారు. ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన గడులన్నీ వాటంతట అవే మారే పట్టిక అది. 1983లో లోటస్, 1985లో ఎక్సెల్ వచ్చాయి. వ్యాపారుల కోసం పుట్టిన ఈ స్ప్రెడ్ షీట్లు త్వరలోనే సైన్యాల దఫ్తర్లలోకి ప్రవేశించాయి.

అమెరికా సైన్యంలో ప్రతి యూనిట్ తన సంసిద్ధతను నాలుగు కొలతలలో నివేదించే పద్ధతి ఉన్నది. మనుషులు ఎంతమంది, సామగ్రి ఎంత ఉన్నది, ఉన్నది ఎంత బాగా పనిచేస్తున్నది, శిక్షణ ఎంత. నాలుగింటిలో ఏది తక్కువైతే దానిని బట్టే మొత్తం గ్రేడు వేసేవారు. ఇది చాలా మంచి ఆలోచన. మూడు కాళ్ళు బాగుండి ఒకటి కుంటిదైన గుర్రం పరుగెత్తదు గదా.

కాని అక్కడా పాత జబ్బే బయటపడింది. ఒక కంపెనీ కమాండరుకు ఏడాదిలో శిక్షణకు దొరికే రోజులు 256 ఉంటే, పైనుంచి వచ్చిన తప్పనిసరి పనులు పూర్తి చేయడానికి 297 రోజులు కావాలని 2002లో లియొనార్డ్ వాంగ్ లెక్క తేల్చాడు. మరి గడులన్నీ పచ్చగా ఎలా మారుతున్నాయి? 2015లో వాంగ్, స్టీఫెన్ గెరాస్ అనే ఆర్మీ వార్ కాలేజీ ఆచార్యులు దానికి జవాబు చెప్పారు. తమ నివేదికకు వారు పెట్టిన పేరుకు 'మనకు మనమే అబద్ధం చెప్పుకోవడం' అని అర్థం. జరగని శిక్షణకు జరిగినట్టు గుర్తు పెట్టడం మంచి అధికార్లకు కూడా అలవాటైపోయిందని, చివరకు అది అబద్ధమన్న స్పృహే పోయిందని వారు రాశారు. బదాయూనీ చూసిన అరువు గుర్రాలు నాలుగున్నర శతాబ్దాల తర్వాత అమెరికా కంప్యూటరు గడులలో ప్రత్యక్షమయ్యాయన్నమాట!

మన దేశంలో రెండో కంటి పని చేసే సంస్థలలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఒకటి. 2017లో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆ సంస్థ నివేదిక, 2016 సెప్టెంబరు నాటికి పరిశీలించిన 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని చెప్పింది. ఉండవలసింది నలభై రోజులకు. ఇలాంటి మాట వినడానికి ఎవరికీ ఇష్టముండదు. శత్రువుకు తెలిసిపోతుందని కొందరు నొచ్చుకున్నారు కూడా. కాని లోటును లోటని రాసిన ఆ పట్టికే కొనుగోళ్ళకు కదలిక తెస్తుంది. లోటును పచ్చగా చూపిన పట్టిక ఏ కర్మాగారాన్నీ కదిలించదు.

మనం తీసుకోవలసింది

ఏడు వందల ఏళ్ళ ఈ కథ నుంచి తేలేదేమిటి? పట్టిక ఎప్పుడూ అబద్ధమాడదు, నింపేవాడే ఆడతాడు. అందులోనూ నింపేవాడు తనంత తానుగా ఆడేది తక్కువ. చెడ్డ అంకె తెచ్చినవాడిని దండించి, మంచి అంకె తెచ్చినవాడికి సెలవు, ప్రమోషను ఇచ్చే పైవాడే అతని చేత ఆడిస్తాడు. గుర్రం దగ్గరికి పోయి దాని నోరు తెరిచి చూసేవాడు, తెచ్చిన లెక్కను కోపం తెచ్చుకోకుండా వినేవాడు, ఇద్దరూ ఉన్నచోటనే లెక్క నిలిచింది. లెక్క రాయడం మన పెద్దలు 'అమానత్' అనే మాటకు చెప్పిన అర్థంలోకి వస్తుంది. ఒకరి ప్రాణం, ఒకరి అన్నం ఆ గడి మీద ఆధారపడి ఉంటాయి. సైన్యమైనా సరే, ఆసుపత్రిలో మందుల జాబితా అయినా సరే, మన సంఘం స్కాలర్‌షిప్పుల పట్టీ అయినా సరే.

ఇక సభ్యులకు ఒక విన్నపం. తార్నాకలోని ఆ లక్షన్నర కాగితాలను చదవగలిగినవారు నానాటికీ తగ్గిపోతున్నారు. ఫారసీ రావాలి, షికస్తా అనే గొలుసుకట్టు రాత అలవాటు కావాలి, సియాఖ్ అంకెలు తెలియాలి. 2022లో ఇరాన్‌కు చెందిన నూర్ అంతర్జాతీయ మైక్రోఫిల్మ్ కేంద్రంతో ఒప్పందం కుదిరి ఈ ఫారసీ పత్రాలను కంప్యూటరుకెక్కించే పని చేపట్టారు. బొమ్మ తీసినంత మాత్రాన చదివినట్టు కాదు. ఒక్కొక్క చెహరాలోని పేరు, ఊరు, తెగ, పుట్టుమచ్చ చదివి పట్టికలో ఎక్కించేవారు కావాలి. పట్టికలు తయారుచేయడంలో మన నిజాంపేట పిల్లలకు మించినవారు ఎవరున్నారు? వారానికి రెండు గంటలు ఒక మౌల్వీ సాహెబు దగ్గరో, ఒక ఫారసీ ఆచార్యుని దగ్గరో కూర్చుని అక్షరం నేర్చుకుంటే చాలు, ఆ రెండు విద్యలూ కలుస్తాయి.

ఆ సిపాయిలలో నవాబులు తక్కువ. ఎక్కువమంది నెల జీతానికి ఎదురుచూసిన పేదవాళ్ళు. వారికి సమాధుల మీద శిలాఫలకాలు లేవు, వంశవృక్షాలు లేవు. గోధుమ వన్నె, ఎడమ చెంప మీద గాటు, ఎక్కే వైపు మచ్చ ఉన్న గుర్రం. అంతే. ఆ ఒక్క పంక్తినైనా చదివి వారి పేరు పలకగలిగినవారు మన సంఘం నుంచి నలుగురు తయారైతే ఈ వ్యాసం రాసిన శ్రమ ఫలించినట్టే.